వాచీలో ఆవిరి: గ్యాస్కెట్‌ని తినేస్తున్నది చెరువులో బ్లీచింగేనా?

చెరువుగట్టు_సూరి
ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాను. మేత టైము, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేసే టైము అన్నీ చేతి వాచీ మీదే నడుస్తాయి. ఫోను గట్టు మీద తీయాలంటే భయం, ఇప్పటికి రెండు నీళ్లపాలయ్యాయి. ఈ వాచీ వెనక 10 బార్ (నీటి పీడనం లెక్క) అని రాసుంది. నాలుగేళ్లు ఏ పేచీ పెట్టలేదు. పోయిన సంక్రాంతి ముందు బ్యాటరీ అయిపోతే టౌన్లో ఒక షాపుకి ఇచ్చాను. అతనే "రబ్బరు అణిగిపోయిందండి" అని వెనక మూత కింద కొత్త రబ్బరు రింగు, అదే గ్యాస్కెట్, కూడా వేశాడు. సరిగ్గా రెండు నెలలు గడిచాయి. ఇప్పుడు తెల్లారగట్ల చెరువు మీదకి వెళ్తే చాలు, అద్దం లోపల ఆవిరి. ఎండెక్కాక పోతుంది, రాత్రికి మళ్లీ పడుతుంది.

ఈ మధ్యే కొత్త రొయ్యల పంటకి నీళ్లు పెట్టి బ్లీచింగ్ (క్లోరిన్ ఉండే పొడి) కొట్టాం. నాలుగు రోజులు నా చేతులు అందులోనే. అదే రబ్బరుని తినేసిందని నా అనుమానం. క్లోరిన్‌కి తట్టుకునే రబ్బరు రింగు ఏదైనా ఉందా? ఉంటే ఎక్కడ దొరుకుతుంది?

కాకినాడ_కాజా
లోపల నీళ్లు ఎలాగూ చేరాయి కాబట్టి నాలుగు రొయ్య పిల్లలు వదిలేయండి. కౌంటు బాగా వస్తుంది.

హెచ్ఎంటీ_అభిమాని
ముందు బియ్యం డబ్బాలో పెట్టండి, ఒక రాత్రి చాలు.

పాలకొల్లు_గడియారం
బియ్యం డబ్బా మాట ఎవరన్నా ఎత్తితే నాకు తిక్క రేగుద్దండి. 30 ఏళ్ల నుంచి వాచీలు బాగుచేస్తున్నాను. బియ్యంలో పెట్టిన వాచీ తెరిస్తే రబ్బరు గాడి నిండా తవుడు. మూత బిగించి ఉన్న వాచీలోంచి బియ్యం తేమ ఎలా లాగుతుందండీ? మూత తీయించి, బ్యాటరీ తీసేసి, తెరిచి ఆరబెట్టాలి. అదీ ఇవాళే. ఆలస్యమైతే లోపల సర్క్యూట్ మీద పచ్చగా చిలుము పడుతుంది, అప్పుడు రబ్బరు గురించి మాట్లాడుకోవాల్సిన పని కూడా ఉండదు.

బ్లీచింగ్ సంగతంటారా, నేనైతే నమ్ముతాను. ఆక్వా వాళ్ల వాచీలు వస్తుంటాయి, వెనక మూత అంచంతా మచ్చలే.

రబ్బరు_మేష్టారు
సూరి గారూ, మూత తీయించినప్పుడు ఒక్క పని చేయండి. రింగుని పారేయనివ్వకండి, ఎలా ఉందో చూడండి. గట్టిపడి, బల్లపరుపుగా అణిగి, వంచితే సన్నగా పగుళ్లు కనిపిస్తున్నాయా? లేకపోతే మెత్తగా, లావెక్కి, గాడిలో పట్టకుండా ఉందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

కాకినాడ_కాజా
మేష్టారు నాడి చూడకుండా మందు రాయరు.

అంబాజీపేట_కొబ్బరి
ఇంత రాద్ధాంతం ఎందుకండీ. రింగుకి రెండు చుక్కలు కొబ్బరినూనె రాసి బిగిస్తే నీళ్లు చచ్చినా వెళ్లవు. మా తాతగారి కాలం నుంచి మాకు అన్నిటికీ అదే.

పాలకొల్లు_గడియారం
కొబ్బరినూనె వద్దండి. కొన్నాళ్లకి ముక్కిపోయి బంకలా తయారవుతుంది. చలికాలం గడ్డకడుతుంది. ఎండాకాలం కారి లోపల ముళ్ల దాకా వెళ్తుంది. అలాంటి వాచీ తెరిస్తే కొట్టంతా పాత మురుకుల వాసన. రాయాలంటే వ్యాజలైన్ సన్నగా రాయండి, నేను అదే వాడతాను.

రబ్బరు_మేష్టారు
గడియారం గారి అనుభవం మీద నాకు గౌరవమే గానీ వ్యాజలైన్‌తో ఒప్పుకోలేను. అది పెట్రోలియం లోంచి వచ్చిన సరుకు. రింగు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరైతే సర్దుకుపోతుంది. ఈపీడీఎం అనే ఇంకో రకమైనా, మామూలు సహజ రబ్బరైనా దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. పైగా మన వేసవిలో బండి హ్యాండిల్ మీద చెయ్యి పెట్టుకుని వెళ్తుంటే వాచీ ఎంత వేడెక్కుతుందో తెలిసిందే, ఆ వేడికి వ్యాజలైన్ కరిగి జారుతుంది. దీనికి సిలికాన్ గ్రీజు అని విడిగా ఉంది. నైట్రైల్‌కీ, ఈపీడీఎంకీ, విటాన్ అనే రబ్బరుకీ హాని చేయదు. రింగు కూడా సిలికాన్ రబ్బరే అయితే మాత్రం అది రాయకూడదు, తన జాతిది కాబట్టి పీల్చుకుంటుంది.

ఇంకో మాట. నీళ్లని ఆపేది గ్రీజు కాదు. మూత బిగిస్తున్నప్పుడు రింగు మెలితిరక్కుండా, చిరక్కుండా జారడానికే అది. వేలికి అంటీ అంటనట్టు ఉంటే చాలు.

పాలకొల్లు_గడియారం
నా దగ్గరకొచ్చే వాచీల్లో రింగులు ఎక్కువగా నైట్రైలే కాబట్టి నా వ్యాజలైన్ నడిచిపోతోందన్నమాట. సరే, సగం ఒప్పుకుంటున్నాను. డబ్బాలో ఉన్నది అయిపోయాక చూద్దాం.

లంకల_లక్ష్మి
మా ఆయన వాచీ అద్దం మసకబారింది, తుడిస్తే పోదు. దోమల క్రీము రాసుకుని అదే చేత్తో వాచీ పెట్టుకుంటారు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

రబ్బరు_మేష్టారు
ఉంటుందమ్మా. ఆ క్రీముల్లో డీట్ అనే మందు ఉంటే అది ప్లాస్టిక్ అద్దాన్ని కరిగిస్తుంది. క్రీము రాసుకుని, అది ఇంకాక చేతులు కడుక్కుని అప్పుడు వాచీ పెట్టుకోమనండి. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ ఇంకా ప్రమాదం. నైట్రైల్ రింగు దానికి తట్టుకోదు, ఖరీదైన విటాన్ కూడా తట్టుకోదు. ఈ మూడింటిలో ఈపీడీఎం ఒక్కటే నిలబడుతుంది.

లంకల_లక్ష్మి
చెప్పానండి. "దోమలు కుట్టినా పర్లేదు, వాచీ బాగుండాలి" అంటున్నారు.

యానాం_బోటు
సూరి గారి 10 బార్ గురించి ఎవరూ మాట్లాడరేంటి. 10 బార్ అంటే 100 మీటర్ల లోతుకి వెళ్లొచ్చని కాదు. కొత్త వాచీని, కొత్త రింగుతో, ప్రయోగశాలలో ఆ పీడనం కింద పరీక్షించారని. 30 మీటర్లు అని రాసున్న వాచీతో చెయ్యి కడుక్కోవచ్చు, ఈత కొట్టకూడదు. డైవింగ్ వాచీల లెక్కే వేరు, వాటికి ఐఎస్ఓ 6425 అనే ప్రమాణం ఉంది, చెప్పిన లోతు కంటే పావు వంతు ఎక్కువ పీడనంతో పరీక్షించాలి. నేను బోటు మీద పనిచేస్తాను. సముద్రం నుంచి రాగానే వాచీని మంచినీళ్లలో కడగడం నాకు అన్నం ముందు చెయ్యి కడుక్కోవడంతో సమానం. ఉప్పు ఎండితే గరుకు పలుకులవుతుంది. అప్పుడు కీ తిప్పితే దాని కింద ఉండే చిన్న రబ్బరు మీద గాజుపేపరు వేసినట్టే.

హెచ్ఎంటీ_అభిమాని
మా నాన్నగారికి హెచ్ఎంటీ జనతా ఉండేది. వరి నాట్లప్పుడు దాన్ని విప్పి చొక్కా జేబులో పెట్టి, ఆ చొక్కాని గట్టు మీద చెట్టుకి తగిలించేవారు. 10 బార్ లేదు, 3 బార్ లేదు. ఇప్పటికీ తిరుగుతోంది. 1961లో జపాన్ సిటిజన్ వాళ్లతో కలిసి వాచీలు మొదలుపెట్టిన ఆ కంపెనీ సరుకు అలాంటిది.

కాకినాడ_కాజా
అంటే అసలైన వాటర్‌ప్రూఫ్ ఆ చెట్టు.

చెరువుగట్టు_సూరి
ఇవాళ భీమవరంలో వేరే రిపేరు ఆయన దగ్గర మూత తీయించాను. మూత లేవగానే రింగు పాములా బయటికొచ్చింది! మళ్లీ గాడిలో పెట్టబోతే ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తోంది. గాడి కంటే రింగే పొడుగైపోయింది. మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది. పగుళ్లు ఏమీ లేవు. బ్యాటరీ తీసేసి వాచీ ఆయన దగ్గరే ఆరబెట్టాం. మేష్టారూ, ఇది ఏ జబ్బు?

రబ్బరు_మేష్టారు
అయితే బ్లీచింగ్ కాదు.

బ్లీచింగ్ చేసే పని ఆక్సిడేషన్. రబ్బరు లోపలి పొడవాటి గొలుసుల్ని కొరుకుతుంది, పైపొర గట్టిపడుతుంది, చిట్లుతుంది. అది రబ్బరుని లావెక్కించదు. ఉబ్బిందంటే దేన్నో తాగిందని అర్థం. నూనె జాతిది. మీరు చెరువు మీద పెట్రోలు, డీజిల్, గ్రీజు ఏమైనా ముట్టుకుంటారా?

చెరువుగట్టు_సూరి
ముట్టుకోకుండా ఎలా కుదురుతుందండీ. రాత్రి కరెంటు పోతే జనరేటరే దిక్కు. దాని డీజిల్ పైపు కారుతుంటుంది. ఏరియేటర్ గేరుబాక్సు విప్పితే చేతులకి గ్రీజు, ఆ గ్రీజు వదలడానికి డీజిల్‌తోనే చేతులు కడిగి తర్వాత సబ్బు. వాచీ ఎప్పుడూ చేతికే. కానీ నాలుగేళ్లుగా చేస్తున్నది అదే పని. అప్పుడు లేని జబ్బు ఇప్పుడెందుకు వచ్చింది?

బ్రేక్_బుజ్జి
ఇది నా సబ్జెక్టు. తణుకులో బైకుల షెడ్డు మాది. డిస్కు బ్రేకు కిట్ రబ్బర్లని పెట్రోల్లో కడిగితే అచ్చం ఇలాగే ఉబ్బుతాయి. మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి శుభ్రంగా ఉంటుందని రాత్రంతా పెట్రోల్లో నానబెట్టాడు, పొద్దున్నకి గారెల్లా తయారయ్యాయి. అవే రబ్బర్లు బ్రేకాయిల్లో ఏళ్ల తరబడి ఉంటాయి, ఏమీ కాదు. అదే ముందు ఫోర్కు ఆయిల్ సీలు చూడండి, జీవితమంతా ఆయిల్లోనే ఉంటుంది, ఉబ్బదు. రెండూ నల్లగానే ఉంటాయి, చూసి చెప్పలేం. సూరి గారికి ఆ షాపు వాడు వేసింది బ్రేకు జాతి రబ్బరు అయ్యుంటుంది.

రబ్బరు_మేష్టారు
బుజ్జి గారు నా పని తగ్గించారు. ఆ బ్రేకు రబ్బరు సాధారణంగా ఈపీడీఎం, ఫోర్కు సీలు నైట్రైల్. ఈపీడీఎం నీళ్లకీ, ఆవిరికీ, సబ్బుకీ, ఎండకీ, బ్లీచింగ్‌కీ గట్టిది. డీజిల్ తగిలితే మాత్రం చేతులెత్తేస్తుంది. నైట్రైల్ డీజిల్‌నీ గ్రీజునీ లెక్కచేయదు, కానీ ఎండా, గాల్లోని ఓజోనూ దాన్ని చిట్లిస్తాయి, గాఢమైన బ్లీచింగ్ ఎక్కువసేపు తగిలినా పాడవుతుంది. కంపెనీ వేసిన మొదటి రింగు నైట్రైల్ అయ్యుంటే మీ డీజిల్‌ని నాలుగేళ్లు మోసి, చివరికి మామూలు వయసు మీదపడి అణిగింది. రింగు తన మందంలో దాదాపు ఐదో వంతు నొక్కుకుని, తిరిగి పైకి తన్నుతూ ఉంటేనే నీళ్లు ఆగుతాయి. ఆ తన్నడం పోయాక ఏ రబ్బరైనా ఒకటే.

తమాషా ఏమిటంటే సూరి గారూ, మీరు ఇక్కడికొచ్చి "క్లోరిన్‌కి తట్టుకునే రబ్బరు కావాలి" అని అడిగారు. షాపు ఆయన వేసింది ఈపీడీఎం అయితే, మీరు అడిగిన రబ్బరు మీ వాచీలో అప్పటికే ఉంది.

కాకినాడ_కాజా
అబ్బా! వరం అడక్కముందే ఇచ్చిన దేవుడు ఆ షాపు వాడు.

అంబాజీపేట_కొబ్బరి
ఆయన కావాలని వేసుండడండి. డబ్బాలో అన్ని రింగులూ కలిసి ఉంటాయి, సైజు కుదిరింది వేసేస్తారు. మా ఊళ్లో ఒకాయన సైకిల్ ట్యూబు కత్తిరించి వేసేవాడు.

పాలకొల్లు_గడియారం
సైకిల్ ట్యూబు మాట ఎవరు ఎత్తారండీ, నా గతం తవ్వుతున్నారు. వేశాం, ఒకప్పుడు వేశాం. సరైన సైజు దొరక్కపోతే ఏం చేస్తాం? నా తరఫున ఒక మాట: రింగుల పొట్లాల మీద వ్యాసం, మందం తప్ప ఏ రబ్బరో రాసి ఉండదు. హోల్‌సేల్ వాణ్ని అడిగితే "రబ్బరే సార్" అంటాడు.

యానాం_బోటు
అయితే ఇదంతా మేష్టారి ఊహే కదా. ఆ రింగు ఈపీడీఎం అని ఎవరు చూశారు?

రబ్బరు_మేష్టారు
న్యాయమైన ప్రశ్న. తేల్చుకోవడం తేలికే. సూరి గారూ, మొదటి రింగు ముక్క ఏమైనా ఉందా? ఉంటే రెండు రింగుల్లోంచీ రెండేసి సెంటీమీటర్లు కత్తిరించి, ఒక చిన్న సీసాలో డీజిల్ పోసి ఒక రోజు ఉంచండి. ఉబ్బిన రింగుని ముందు మూడు రోజులు ఎండలో ఆరనివ్వండి, తాగింది కొంతైనా కక్కుతుంది. ఏ రబ్బరో పేరు తేలకపోవచ్చు గానీ, డీజిల్‌కి పనికొస్తుందో లేదో తేలుతుంది. మనకి కావలసింది అదేగా.

1986లో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలినప్పుడు విచారణ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ టీవీ కెమెరాల ముందు ఓరింగు (ఇలాంటి గుండ్రటి రబ్బరు రింగే) ముక్కని ఐసు నీళ్లలో ముంచి, చలికి దాని సాగుడు పోయిందని చూపించాడు. అది విటాన్ రబ్బరు. అంత ఖరీదైనదానికే చలి పడలేదు. మనకి ఐసు బదులు డీజిల్, అంతే తేడా.

కాకినాడ_కాజా
ఉండి చెరువు గట్టు మీద ఫైన్‌మన్. రేపటి జిల్లా పేజీలో వేయించండి.

హెచ్ఎంటీ_అభిమాని
ఓరింగు అంటే గుర్తొచ్చింది. దానికి అమెరికాలో పేటెంటు అడిగిన నీల్స్ క్రిస్టెన్సన్ డెన్మార్క్‌లో పుట్టినాయన. 1937లో దరఖాస్తు పెట్టేనాటికి ఆయనకి డెబ్బై దాటాయి. మా ఇంట్లో నన్ను రిటైరయ్యాక ఏమీ చేయడంలేదని అంటుంటారు, అందుకే ఇది గుర్తుపెట్టుకున్నాను.

లంకల_లక్ష్మి
వాచీ తీసి డీజిల్ ముట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదండీ? ఊరికే అడుగుతున్నాను.

చెరువుగట్టు_సూరి
లక్ష్మి గారూ, రాత్రి రెండింటికి కరెంటు పోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది. పరిగెత్తి జనరేటర్ వేయాలా, వాచీ విప్పి దాచుకోవాలా? ఒక్క చెరువులో రొయ్యలు చచ్చి తేలిపోతే ఎన్ని వాచీల డబ్బో మీకు తెలియదు.

పాత రింగు దొరికిందండోయ్! ఆ షాపాయన పాత బ్యాటరీతో కలిపి పొట్లం కట్టి ఇచ్చాడు, బండి డిక్కీలో అలాగే ఉంది. నాలుగు రోజుల్లో చెప్తాను.

బ్రేక్_బుజ్జి
సీసా మీద డీజిల్ అని రాసి పెట్టండి. మా షెడ్డులో ఒకడు టీ అనుకున్నాడు.

చెరువుగట్టు_సూరి
ఫలితం. రెండు ముక్కలూ 20 మిల్లీమీటర్లకి కత్తిరించి వేశాను. ఒక రోజు తర్వాత కంపెనీ రింగు ముక్క 20 మీద వెంట్రుకవాసి, స్కేలు మీద తేడా పట్టుకోవడమే కష్టం. షాపు వాడు వేసిన రింగు ముక్క 24! లావు కూడా పెరిగింది, గిల్లితే జెల్లీలా ఉంది. మేష్టారికి దండం.

భీమవరం ఆయన దగ్గర కొన్న కొత్త రింగులోంచి కూడా ముక్క వేశాను. రెండు కొన్నాను, ఒకటి పరీక్షకి, ఒకటి వాచీకి. అది కదల్లేదు. రింగు ఒక్కోటి 60 రూపాయలు.

ఇంకొకటి. ఆయన గాడిని కొబ్బరి ఈనెతో శుభ్రం చేస్తుంటే ఒక పక్క స్టీలు మీద సూది గుచ్చినట్టు గుంటలు కనిపించాయి. ఇదేమిటి?

రబ్బరు_మేష్టారు
అదిగో, మీ బ్లీచింగ్ అక్కడుంది. గడియారం గారు మొదట చెప్పిన మచ్చలు ఇవే. ఉప్పునీళ్లూ క్లోరినూ మూత సందులో చేరి, ఆరకుండా రబ్బరు పక్కనే నిలవుంటే స్టెయిన్‌లెస్ స్టీలుని కూడా గుంటలు పెడతాయి. రబ్బరు ఎంత మంచిదైనా దాని కింద నేల గతుకులైతే నీళ్లు ఆ గతుకుల్లోంచి వెళ్తాయి. గుంటలు రింగు ఆనే గీత మీద ఉన్నాయా, బయట ఉన్నాయా?

చెరువుగట్టు_సూరి
బయటి అంచునే. ఆనే చోట నున్నగా ఉంది.

పాలకొల్లు_గడియారం
బతికిపోయింది. నేను సగం ఒప్పుకున్నానని రాశాను కదా, నా బ్లీచింగ్ మాట కూడా సగం నిజమే అయింది, లెక్క సరిపోయింది. ఇకనుంచి పని అవగానే వాచీని మంచినీళ్ల కుళాయి కింద కడగండి. వేడినీళ్ల కింద మాత్రం కాదు. కీ లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకున్నాకే. కీ కింద రబ్బరు మార్చారా? చాలామంది వెనక మూతది మార్చి దాన్ని వదిలేస్తారు. దానికీ అదే డీజిల్ తగిలింది.

చెరువుగట్టు_సూరి
కీ రబ్బరు కంపెనీది, మార్చలేదు. బాగానే ఉందన్నాడు.

పాలకొల్లు_గడియారం
బాగానే ఉందనడం కాదండి, పరీక్ష చేయాలి. ప్రెషర్ మిషను లేకపోతే ఇలా చేయండి. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వెచ్చదనంలో అరగంట ఉంచి, అద్దం మీద మామూలు నీళ్ల చుక్క ఒకటి వేయండి. ఒక నిమిషం ఆగి తుడవండి. అద్దం లోపల చుక్క కింద మసక కనిపిస్తే లోపల తేమ ఉన్నట్టే. ఒకసారి అలా చూసి, వాచీని బకెట్లో కాసేపు ముంచి తీసి, మళ్లీ చూడండి. ముందు లేని మసక తర్వాత వస్తే ఎక్కడో కారుతోంది.

యానాం_బోటు
బకెట్లో కీ మాత్రం లాగకండి. మా వాడొకడు నీళ్లలోనే టైము సరిచేశాడు.

అంబాజీపేట_కొబ్బరి
నాదొక చిన్న సందేహం. నా డిజిటల్ వాచీ బెల్టు తాకితే పొడిపొడిగా రాలిపోతోంది. ఇదీ డీజిలేనా? నాకు డీజిల్‌తో పనే లేదు.

రబ్బరు_మేష్టారు
అది రబ్బరు కాదు, పాలీయూరిథేన్ ప్లాస్టిక్. దాన్ని తినేది మన గోదావరి జిల్లాల గాలిలో తేమ, వేడి. బీరువాలో దాచినా రాలిపోతుంది. కొబ్బరినూనె రాయకండి.

అంబాజీపేట_కొబ్బరి
రాసేశాను.

చెరువుగట్టు_సూరి
సెట్‌టాప్ బాక్సు మీద అరగంట పెట్టి చుక్క వేశాను, మసక లేదు. బకెట్లో ముంచి తీసి మళ్లీ చేశాను, లేదు. తెల్లారగట్ల నాలుగింటికి గట్టు మీద చూసుకున్నాను, అద్దం శుభ్రంగా ఉంది. పాత షాపాయనకి డీజిల్ సీసా తీసుకెళ్లి చూపించాను. పాపం, గొడవకొచ్చాననుకుని ముందు భయపడ్డాడు. తర్వాత డబ్బాలోంచి పది రకాల రింగులు తీసి "ఇవి కూడా వేసి చూడండి" అన్నాడు.

బ్రేక్_బుజ్జి
ఎన్ని ఉబ్బాయి?

చెరువుగట్టు_సూరి
మూడు. వాటిని విడిగా పొట్లం కట్టి మీద "చెరువు వాళ్లకి కాదు" అని రాసుకున్నాడు.